ఒక వాయి గుమ్మడి మాంతౌ

మొన్న ఆదివారం పొద్దున్నే గుమ్మడికాయ ముక్క తెమ్మని నాన్నని మార్కెట్‌కి పంపించా. ఆయన వెళ్ళి ఇంత లావు బూడిద గుమ్మడికాయ భుజాన పెట్టుకుని వచ్చారు. దసరా వెళ్ళి వారం కూడా కాలేదు కదా, ఆయన తప్పేం లేదు. "దిష్టికి కాదు నాన్నా, తినడానికి" అంటే, "ముందే చెప్పొద్దూ" అని మళ్ళీ చెప్పులేసుకున్నారు. రెండోసారి తెచ్చింది కరెక్ట్‌గా కావాల్సిందే. లోపల ముదురు నారింజ రంగు, గోరు దిగనంత గట్టి కండ. తీపి గుమ్మడికాయ, అరకిలో ముక్క.

ఆ ముక్కతో ఈ వారం మనం మాంతౌ చేస్తున్నాం. మాంతౌ అంటే చైనావాళ్ళు ఆవిరి మీద ఉడికించుకునే బన్. లోపల ఏమీ పెట్టకుండా ఉత్త పిండితో చేస్తే మాంతౌ, లోపల కూర పెట్టి పైన కుచ్చిళ్ళలా ముడిస్తే బావ్‌జ. మన కేఫుల్లో 'బావ్' అని పేరు పెట్టి, మధ్యకి మడిచి, చికెన్ ముక్క కూరి ప్లేటుకి మూడు ఇస్తారే, అది వీటికి చుట్టం.

పేరు కొత్తగా ఉందని కంగారు పడకండి. ఇడ్లీ, కుడుము, కోనసీమలో పనసాకు బుట్టల్లో వండే పొట్టిక్కలు.. ఆవిరి మీద వండటంలో మనం ఎవరికీ తీసిపోం. మాంతౌకి కావాల్సిన గిన్నె మీ వంటింట్లో ఆల్రెడీ ఉంది. రోజూ ఇడ్లీ వండే గిన్నే అది.

షెన్‌యాంగ్, అక్టోబరు

నేను దీన్ని నేర్చుకుంది షెన్‌యాంగ్‌లో. ఈశాన్య చైనాలో లియావోనింగ్ ప్రావిన్సుకి రాజధాని. 2017లో ఎంబీబీఎస్ చదవడానికి తెనాలి నుంచి అక్కడికి వెళ్ళా. మొదటి నెలంతా నాకు ఆ ఊళ్ళో అర్థమైనవి రెండే. ఒకటి చలి, రెండోది పిండి.

చైనాని మధ్యలో అడ్డంగా కోసే ఒక గీత ఉంటుంది. చిన్‌లింగ్ పర్వతాల మీదుగా హ్వాయ్ నది వెంట పోతుంది. స్థూలంగా చెప్పాలంటే గీతకి కింద వరి, పైన గోధుమ. అందుకే దక్షిణాన అన్నం, ఉత్తరాన మాంతౌ, బావ్‌జ, నూడుల్స్. ఇంకో తమాషా ఏంటంటే, ఊరంతటికీ గొట్టాల ద్వారా వేడి సరఫరా చేసే పద్ధతి కూడా ఇంచుమించు ఆ గీతకి పైనే ఉంటుంది. ఇంటింటికీ గోడకి రేడియేటర్ ఉంటుంది. చలికాలం రాగానే దాంట్లోకి వేడినీళ్ళు వదులుతారు. షెన్‌యాంగ్‌లో అది మొదలయ్యేది నవంబరు 1న.

మరి అక్టోబరు? అక్కడే ఉంది కష్టమంతా. బయట చెట్లన్నీ పసుపు, ఎరుపు. రోడ్డు పక్కన నల్లటి ఇసుకలో పంచదార వేసి చెస్ట్‌నట్‌లు వేయిస్తుంటారు. డ్రమ్ముల్లో చిలగడదుంపలు కాలుస్తుంటారు. చలికాలమంతా తినడానికి పులవబెట్టుకోవాలని, అపార్ట్‌మెంట్ల ముందు క్యాబేజీలు గోడలా పేర్చి ఉంటాయి. మన గుండ్రటి క్యాబేజీ కాదు, పొడుగ్గా ఉండే రకం. ఫొటోలకి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ నెలాఖరుకి రాత్రిళ్ళు టెంపరేచర్ సున్నా దగ్గరికి పోతుంది, గదిలో రేడియేటర్ మాత్రం ఐసులా ఉంటుంది. తెనాలి పిల్లకి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అలాంటి ఒక రోజు, వీడియో చూసి మొదటిసారి మాంతౌ ప్రయత్నించా. 'పిండి కలిపి గంట ఉంచండి' అన్నారు. ఉంచా. గంట తర్వాత కూడా పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. సరేలే అని ఉడికించేశా. నా రూమ్మేట్‌ది ఖమ్మం. ఒకటి చేతిలోకి తీసుకుని, "అనాటమీ పుస్తకం మీద పెట్టుకుందాం, పేజీలు ఎగరవు" అంది.

మా హాస్టల్ కింద గదిలో ఒక ఆయీ ఉండేవారు. చైనాలో అమ్మ వయసు ఆడవాళ్ళని పిలిచే పిలుపు అది. మన 'పిన్నిగారు', 'ఆంటీ' లాగా. రాత్రి పదకొండుకి గేటు వేసేది, గదుల తాళాలు చూసుకునేది ఆవిడే. మమ్మల్నందర్నీ 'చిన్న డాక్టర్లు' అనేవారు. నా మాంతౌ ఒకటి కొరికి, పన్ను పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. తర్వాత "మాన్ మాన్ లై" అన్నారు. మెల్లమెల్లగా రానీ అని.

మర్నాడు ఆవిడ గదిలో పాఠం. అప్పటికి వాళ్ళ శరత్కాల పున్నమి పండగ వెళ్ళి కొన్ని రోజులైంది. అక్కడి లెక్కలో ఎనిమిదో నెల పౌర్ణమి అది. మనకి కొన్నేళ్ళు భాద్రపద పౌర్ణమికి, కొన్నేళ్ళు ఆశ్వయుజ పౌర్ణమికి వస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే పండగ. ఆవిడ కొడుక్కి దక్షిణాన షెన్‌జెన్‌లో ఉద్యోగం. ఆ ఏడు రాలేదు. అతనికి ఇష్టమని తెచ్చిపెట్టుకున్న గుమ్మడికాయ గదిలో అలాగే ఉంది. దాన్నే కోశారు.

పిండి కలిపి, గిన్నెకి మూతపెట్టి, తన మంచం మీద దుప్పటి కింద పెట్టారు, పక్కనే వేడినీళ్ళ సీసా. పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టే! బన్‌లు చుట్టాక ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. బరువుగా, చల్లగా ఉంది. చాలాసేపయ్యాక అదే బన్ మళ్ళీ నా చేతిలో పెట్టి, "చింగ్ లె" అన్నారు. తేలికైంది అని. నిజంగానే తేలికైంది! కాటాలో పెడితే అదే బరువు చూపిస్తుంది, నాకు తెలుసు. కానీ లోపల గాలి చేరి, ఉబ్బి, మెత్తబడితే చేతికి మాత్రం తేలిగ్గానే తెలుస్తుంది.

ఆవిడ ఎన్ని నిమిషాలో చెప్పలేదు, ఎన్ని గ్రాములో చెప్పలేదు. కింద నేను రాసిన గ్రాములన్నీ తర్వాత తెనాలిలో, నాలుగైదు వాయిలు పాడుచేసి, నేను రాసుకున్నవి.

కావాల్సినవి (8 బన్‌లకి)

- మైదా: 300 గ్రాములు (సుమారు రెండున్నర కప్పులు)
- తీపి గుమ్మడికాయ: చెక్కు, గింజలు తీశాక 250 గ్రాములు
- ఇన్‌స్టంట్ ఈస్ట్: 3 గ్రాములు (ఒక టీస్పూన్, తలకొట్టి)
- పంచదార: 25 గ్రాములు (రెండు టేబుల్ స్పూన్లు)
- నూనె: ఒక టీస్పూన్
- ఉప్పు: చిటికెడు
- పైన పెట్టడానికి 8 కిస్‌మిస్‌లు

మైదా వద్దనుకునేవాళ్ళు సగం మైదా, సగం గోధుమపిండి వాడొచ్చు. బన్ కొంచెం గట్టిగా, రంగు తక్కువగా వస్తుంది, రుచి బానే ఉంటుంది. మొత్తం గోధుమపిండితో మొదటిసారే ప్రయత్నించకండి. మెత్తగా రాలేదని నన్ను తిట్టుకుంటారు.

ముందు గుమ్మడికాయ

ముక్కలు కోసి ఆవిరి మీద 12 నుంచి 15 నిమిషాలు ఉడికించండి. నీళ్ళల్లో వేసి ఉడికించొద్దు, నీళ్ళు పీల్చుకుని జావలా అయిపోతుంది. ఉడికాక గిన్నెలో అడుగున చేరిన నీళ్ళు వంపేసి, మెత్తగా మెదపండి.

ఇప్పుడు ఓపిక. గుమ్మడి గుజ్జు పూర్తిగా గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. ఈస్ట్ అంటే ప్రాణం ఉన్న వస్తువు. పొగలు కక్కే గుజ్జులో వేస్తే అక్కడికక్కడే చచ్చిపోతుంది. మీ చిటికెన వేలు గుజ్జులో పెట్టి, హాయిగా పది సెకన్లు ఉంచగలిగితే ఈస్ట్ కూడా ఉండగలదు. వేలు లాగేసుకున్నారంటే ఇంకా ఆగండి.

పిండి కలపడం

మైదా, ఈస్ట్, పంచదార, ఉప్పు కలిపి, గుజ్జు ముందుగా 160 గ్రాములే వెయ్యండి. మిగిలింది పక్కన ఉంచుకోండి. ఒక్కో గుమ్మడికాయలో నీళ్ళు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఇక్కడ కచ్చితమైన లెక్క ఎవరూ చెప్పలేరు. కలుపుతూ, పొడిగా విడిపోతుంటే ఒక్కో చెంచా వేసుకుంటూ పోండి. చివరికి చపాతీ పిండి కంటే ఒక పిసరు గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంటే కలపడం సుఖంగానే ఉంటుంది, కానీ ఆవిరిలో బన్ నిలబడదు, దోసెలా పరుచుకుంటుంది.

నూనె వేసి, 10 నిమిషాలు బాగా మర్దించండి. ఫోన్‌లో మూడు పాటలు పెట్టుకుంటే సరిపోతుంది. పిండి మీద గరుకు పోయి, బుగ్గలా నున్నగా రావాలి. మూతపెట్టి 10 నిమిషాలు వదిలెయ్యండి.

తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. పిండిని అప్పడాల కర్రతో పొడుగ్గా ఒత్తి, మూడు మడతలు పెట్టి, మళ్ళీ ఒత్తాలి. అలా ఐదారు సార్లు. లోపలి పెద్ద బుడగలు పోతాయి. బన్ మీద తోలు నున్నగా, మెరుస్తూ రావాలంటే ఇదే కిటుకు. చివరిసారి చాపలా చుట్టి, 8 ముక్కలు కోసి, ఒక్కోటి లడ్డూలా గుండ్రంగా చెయ్యండి.

గుమ్మడికాయ ఆకారం కావాలంటే, చాకు వెనకవైపుతో పైనుంచి కిందకి ఆరు గీతలు కాస్త లోతుగా నొక్కండి. నడినెత్తిన కిస్‌మిస్ గుచ్చండి. కింద బటర్ పేపర్ ముక్క గానీ అరటాకు ముక్క గానీ పెట్టండి. అరటాకైతే వాసన అదనం.

పిండి పొంగేలోపు ఒక కథ

ఇప్పుడు వెయిటింగ్. ఈ గ్యాప్‌లో చైనాలో మాంతౌ గురించి చెప్పుకునే కథ చెప్తా. మూడో శతాబ్దంలో జూగె ల్యాంగ్ అని ఒక మంత్రి ఉండేవాడు. 225లో దక్షిణాన యుద్ధం గెలిచి, సైన్యంతో ఇంటిదారి పట్టాడు. దారిలో నది. ఒకటే సుడులు, గాలి, దాటే వీలు లేదు. నది శాంతించాలంటే 49 మంది తలలు బలివ్వాలన్నారు అక్కడివాళ్ళు. ఇంటికి పోవడానికి ఇంకొకళ్ళ ప్రాణం తీయడమేంటని, ఆయన పిండితో తలకాయల్లా గుండ్రంగా చేయించి, లోపల మాంసం కూరి, వాటిని నదిలో వేయించాడట. నది శాంతించింది, సైనికులు ఇళ్ళకి చేరారు. మాంతౌ అలా పుట్టిందంటారు. చరిత్ర కాదు, కథే. పద్నాలుగో శతాబ్దం నాటిదని చెప్పే 'మూడు రాజ్యాల' నవలలో కూడా ఉంది.

ఆయీ నాకు ఈ కథ చెప్పినప్పుడు గుమ్మడికాయ మీద ఉన్న శ్రద్ధ కథ మీద లేదు. గుర్తొచ్చింది 2020లో.

ఆ ఏడాది జనవరిలో సెలవులకి ఇంటికొచ్చా. నెలన్నరలో తిరిగి వెళ్ళేదాన్నే కదా అని పుస్తకాలు, స్వెటర్లు, వెదురు స్టీమర్, అన్నీ గదిలోనే వదిలేశా. గేటు దగ్గర ఆయీకి "ఫిబ్రవరిలో వచ్చేస్తా" అని చెప్పా. ఆ తర్వాత ఏమైందో మీ అందరికీ తెలుసు. నాలాంటి వేలమంది స్టూడెంట్లకి చైనా తలుపులు మళ్ళీ తెరుచుకుంది 2022 ఆగస్టు తర్వాతే. అక్కడ ఎనిమిది గంటల క్లాసు అంటే ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర. మెడిసిన్‌ని మా ఇంటి మంచం మీద, ఫోన్‌లో చదివా.

ఆయీ వీచాట్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టేవారు. తిన్నావా, అమ్మ బాగుందా, మీ ఊళ్ళో జబ్బు ఎలా ఉంది. ఆ ఏడాది జూన్ 29న ప్రభుత్వం 59 యాప్‌లని నిషేధించింది. జాబితాలో వీచాట్ కూడా ఉంది. కొన్ని వారాలకి నా అకౌంట్ తెరుచుకోవడం మానేసింది. ఆవిడ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు మరి. చెప్పకుండా మాయమైపోయానని ఆవిడ అనుకుని ఉంటారేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఏడాది పున్నమి పండగ అక్టోబరు 1న వచ్చింది. పొద్దున్నే అమ్మతో, "ఇవాళ నేను వండుతా" అన్నా. షెన్‌యాంగ్‌లో చేసినట్టే అన్నీ చేశా. పిండికి దుప్పటి కూడా కప్పా. గంటన్నర ఆగా. మూత తీస్తే పుల్లటి వాసన. బన్‌లు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఉడికించాక మూత తీసిన క్షణం గుండ్రంగా ఉన్నాయి, చూస్తుండగానే చప్పబడి, ముసలివాళ్ళ బుగ్గల్లా ముడతలు పడ్డాయి.

అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, ఈ ఎండలో పిండికి దుప్పటి ఎందుకే?" అంది.

అప్పుడు వెలిగింది. అక్కడ అక్టోబరు అంటే వణుకు. తెనాలిలో అక్టోబరు అంటే మధ్యాహ్నం 30 డిగ్రీల పైన, ఉక్కపోత. అక్కడ ఈస్ట్ బద్ధకంగా ముడుచుకుని కూర్చుంటుంది, ఇక్కడ పరుగులు పెడుతుంది. షెన్‌యాంగ్‌లో గంట చాలక రాయి అయింది, తెనాలిలో గంటన్నర ఎక్కువై పుల్లబడింది. ఆయీ నిమిషాలు ఎందుకు చెప్పలేదో మూడేళ్ళ తర్వాత అర్థమైంది. నేను దుప్పటిని గుర్తుపెట్టుకున్నా, చేతిలో పెట్టిన బన్‌ని మర్చిపోయా.

పొంగిందో లేదో తెలుసుకోవడం

మీరు విశాఖలో ఉన్నా, హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా ఈ మూడు పరీక్షలు పనిచేస్తాయి.

ఒకటి, చెయ్యి. బన్ చుట్టగానే ఒకసారి అరచేతిలో పెట్టుకుని గుర్తుపెట్టుకోండి. 20 నిమిషాల తర్వాత మళ్ళీ, ఆ తర్వాత పది నిమిషాలకోసారి. తేలిగ్గా, దూదిలా అనిపించాలి. సైజు ఒకటికి ఒకటిన్నర అయితే చాలు. రెండింతలు అయ్యేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

రెండు, వేలు. పక్కన మెల్లగా నొక్కితే గుంట నిదానంగా పైకి రావాలి. టక్కున వచ్చేస్తే ఇంకా టైముంది. అస్సలు రాకపోతే ఎక్కువైంది.

మూడు, గ్లాసు. చేతి మీద నమ్మకం కుదరనివాళ్ళకి ఇది. బన్‌లు చుట్టేటప్పుడు ఉసిరికాయంత పిండి పక్కకి తీసి, బన్‌ల పక్కనే ఉంచండి. పొంగినట్టు అనిపించినప్పుడు దాన్ని గ్లాసుడు నీళ్ళల్లో వెయ్యండి. మునిగితే ఆగాలి, తేలితే స్టవ్ వెలిగించాలి.

నా అనుభవంలో మన దగ్గర ఈ సీజన్‌లో 25 నుంచి 40 నిమిషాలు పడుతోంది. చలి దేశాల్లో ఉన్నవాళ్ళకి గంట దాటొచ్చు. వేడినీళ్ళ గిన్నె లోపల పెట్టి, స్విచ్ వెయ్యని ఓవెన్‌లో ఉంచుకోండి. ఆయీ దుప్పటి లాంటిదే అది కూడా.

ఆవిరి

ఇడ్లీ గిన్నెలో రెండంగుళాల నీళ్ళు పొయ్యండి. ఇడ్లీ రేకులు తీసేసి, చిల్లుల ప్లేటు పెట్టండి. అది లేకపోతే లోపల ఒక స్టాండ్ పెట్టి, దాని మీద చిల్లుల జల్లెడ పెట్టుకోవచ్చు. కుక్కరైతే విజిల్ తీసెయ్యాలి. మూతకి పల్చటి బట్ట చుట్టి పైన ముడెయ్యండి. మూతకి పట్టిన ఆవిరి చుక్కలై బన్ మీద పడితే, పడిన చోటల్లా గుంటలు, తడి మచ్చలు వస్తాయి.

నీళ్ళు మరిగాక బన్‌లు పెట్టండి. మధ్యలో రెండువేళ్ళ ఖాళీ ఉండాలి, ఇంకా ఉబ్బుతాయి. మంట మీడియం. సరిగ్గా 12 నిమిషాలు. ఇక్కడ మాత్రం గడియారం చూడొచ్చు. మధ్యలో మూత తీసి సెల్ఫీలు వద్దు.

స్టవ్ ఆపాక కూడా వెంటనే తెరవొద్దు. మూతని ఒక పక్క వేలెడంత సందు ఇచ్చి, 4 నిమిషాలు వదిలెయ్యండి. వేడి ఒక్కసారిగా దిగితే బన్ లోపలికి కుంగిపోతుంది. తర్వాత తీసి, మధ్యకి విరవండి. లోపల దారాల్లా సాగుతూ, పసుపు రంగులో, తీపి వాసనతో ఆవిరి వస్తుంది. మొదటిది వెన్న, జామ్ ఏమీ లేకుండా ఉత్తదే తినండి. రెండోది మీ ఇష్టం. మా హాస్టల్లో ఖమ్మం పిల్ల కందిపొడి, నెయ్యి అద్దుకుని తినేది. ఆయీ కూడా ఒకసారి రుచి చూసి, మంటకి గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ ఇంకాస్త అద్దుకున్నారు.

ఇదే పిండి, ఇంకో మూడు రుచులు

చిలగడదుంప: గుమ్మడి బదులు ఇది. నీళ్ళు తక్కువుంటాయి కాబట్టి గుజ్జుతోపాటు పాలు చెంచాలతో పోసుకుంటూ కలపాలి. ఊదారంగు దుంప దొరికితే బన్ కూడా ఊదాగా వస్తుంది.

ఎర్రబీన్స్ పూర్ణం: చైనాలో చిన్న ఎర్ర బీన్స్‌ని మెత్తగా ఉడికించి, చక్కెరతో ముద్ద చేసి, లోపల పెడతారు. మన దగ్గర ఎర్ర అలసందలతో దగ్గర రుచి వస్తుంది. 100 గ్రాములు రాత్రి నానబెట్టి, కుక్కర్లో ఉడికించి, మెదిపి, 70 గ్రాముల బెల్లం, చెంచా నెయ్యి వేసి దగ్గరపడేదాకా తిప్పండి. బూరెల పూర్ణం చెయ్యడం వస్తే ఇది మీకు ఎడమచేతి పని. ఉసిరికాయంత ఉండ లోపల పెట్టి, అంచులు దగ్గరికి లాగి, అతుకు కిందకి వచ్చేలా పెట్టండి.

ఎండు రేగు: ఉత్తర చైనాలో ఎర్రటి ఎండు జుజుబీ పళ్ళు పిండిలో గుచ్చి, పువ్వుల్లా బన్‌లు చేస్తారు. ఆ పండు మన రేగుపండుకి దగ్గరి చుట్టమే. ఒకటే కుటుంబం. మన రేగు వచ్చేది సంక్రాంతికి కాబట్టి, ఇప్పటికి గింజ తీసిన ఖర్జూరం ముక్కలతో కానిచ్చేయండి.

తేడా కొడితే

- ముడతలు పడ్డాయా? ఎక్కువ పొంగింది, లేదా మూత తొందరగా తీశారు.
- రాయిలా ఉందా? తక్కువ పొంగింది, లేదా ఈస్ట్ పాతది. గోరువెచ్చటి నీళ్ళల్లో చిటికెడు పంచదార, ఈస్ట్ వేసి చూడండి. పది నిమిషాల్లో నురగ రాకపోతే ప్యాకెట్ మార్చండి.
- పక్కలకి పరుచుకుందా? పిండి పల్చనైంది. ఈసారి గుజ్జు తగ్గించండి.
- మిగిలాయా? ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి. తినేముందు ఐదు నిమిషాలు ఆవిరి పెడితే కొత్తవాటిలా అయిపోతాయి. లేదా ముక్కలు కోసి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి పెనం మీద కాల్చండి. చైనా ఇళ్ళల్లో మిగిలిన మాంతౌకి పొద్దున్నే పట్టే గతి ఇదే.

416

2022 చివర్లో నా రూమ్మేట్‌కి వీసా వచ్చింది. మిగిలిన పనులు పూర్తి చేసుకోవడానికి షెన్‌యాంగ్ వెళ్ళింది. హాస్టల్ స్టోర్‌రూమ్‌లో, మాలా తిరిగి రాలేకపోయినవాళ్ళ సామాన్లు గదులవారీగా అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయట. మా పెట్టె మీద మార్కర్‌తో '416, చిన్న డాక్టర్లు' అని చైనీస్‌లో రాసుంది. ఎవరి చేతిరాతో అడగక్కర్లేదు.

లోపల నా వెదురు స్టీమర్ ఉంది. నేను కడక్కుండా వదిలేసి వచ్చానని నాకు బాగా గుర్తు. ఇప్పుడు మాత్రం కడిగి, ఆరబెట్టి, పాత బట్టలో చుట్టి ఉంది. ఆయీ గురించి అడిగితే, రిటైరై కొడుకు దగ్గరికి షెన్‌జెన్ వెళ్ళిపోయారని కొత్తగా వచ్చినావిడ చెప్పిందట. నంబరు తెలీదంది.

షెన్‌జెన్ దక్షిణాన, సముద్రం పక్కన. ఆ గీతకి చాలా కింద. అక్కడ రేడియేటర్లు ఉండవు, అక్టోబరులో ఉక్కపోస్తుంది. మొదటి వాయి ఆవిడకీ పుల్లబడి ఉంటుందా అని ఒకసారి అనుకున్నా. ఉండదులెండి. ఆవిడ చేత్తో చూసుకుంటారు.

మొన్న ఆదివారం ఆ స్టీమర్‌లోనే వండా. బన్‌లు చుట్టి, ఆరబెట్టిన గుడ్డ కప్పి, డ్యూటీ ఫోన్ వస్తే పక్కగదిలోకి వెళ్ళా. తిరిగి వచ్చేసరికి అమ్మ స్టవ్ వెలిగించేసింది. "ఇంకా టైముందమ్మా" అంటే, ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"తేలికైందే. చూడు."

తేలికైంది.

ఇక నాన్న మొదట తెచ్చిన బూడిద గుమ్మడికాయ ఇంకా వరండాలోనే కూర్చుని ఉంది. ఎండలు బాగున్నాయి కాబట్టి వచ్చేవారం దాంతో వడియాలు పెడదాం. మినప్పప్పు తెచ్చి ఉంచుకోండి.